సీటు లేని బండి, గోనె కూరిన సైలెన్సరు

ఆ బండికి సీటు ఎందుకు లేదని అడగబోయేవాళ్లకి ముందే చెబుతున్నాను. అది కూర్చునే బండి కాదు, నిలబడి నడిపే బండి. ఈ ఒక్క ముక్క మా ఊరి జనానికి ఎక్కించడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. మీకు తొందరగా ఎక్కితే మిగతాది చెప్పడం తేలిక.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మధ్యమధ్యలో నా మాటలు కొన్ని మింగేస్తోందని తెలుసు. మెకానిక్ షెడ్డులో పుట్టిన మాటలన్నీ కాగితం ఎక్కవులే అని నేనూ ఊరుకున్నాను. మీరు ఇప్పుడిప్పుడే పనిలోకి దిగుతున్న పిల్లలు. మీ బండ్లు ఫోన్లలాగా గోడకి తగిలించుకుని కరెంటు తాగుతున్నాయి. అయినా సరే, పని అన్నాక పొరపాటు ఉంటుంది, పొరపాటు అన్నాక చూసి నవ్వే జనం ఉంటారు. ఆ రెండూ మారవు కాబట్టి వినండి.

గుంటూరు నుంచి ప్రత్తిపాడు వచ్చే రోడ్డు పక్కన మా షెడ్డు. నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకులు, వెనక కోళ్ల గూడు. మా ఆయన బండ్లు విప్పేవాడు, నేను పక్కన కూర్చుని సామాను డీజిల్లో కడిగేదాన్ని. కడిగింది తిరిగి అందించాలంటే అది ఎక్కడిదో తెలియాలి కదా. అలా తెలిసింది. కొన్నాళ్లకి పంక్చర్లు నావయ్యాయి, తర్వాత బ్రేకులు నావయ్యాయి. ఆయనకి నడుం పట్టేశాక ఇంజన్లు కూడా నావే అయ్యాయి. బండి తీసుకెళ్లేవాళ్లు మాత్రం "మేస్త్రీ చెయ్యి పడితే ఆ దారే వేరు" అని ఆయనకి చెప్పి వెళ్లేవాళ్లు. ఆయన మీసం చాటున నవ్వేవాడు, నేను పైట చాటున నవ్వేదాన్ని.

ఆయన పోయాక ఆ నవ్వు ఆగిపోయింది. బండి తోసుకుంటూ వచ్చిన మనిషి, నా మోచేతుల దాకా గ్రీజు చూసి కూడా, "మేస్త్రీ లేడా?" అనేవాడు. లేడంటే, ఎప్పుడొస్తాడనేవాడు. కొత్తలో ఆ మాటకి ఏడుపొచ్చేది. పోనుపోను మొండితనం వచ్చింది. "వెళ్లి కనుక్కుని రా" అనేదాన్ని. వాళ్లు బండి తోసుకుంటూ ముందున్న షెడ్డుకి పోయేవాళ్లు. అక్కడి కుర్రమేస్త్రీ కార్బురేటర్ విప్పి బిగించడం రాక, గోనెసంచిలో వేసి వెనక దారిన నా దగ్గరికే పంపేవాడు. నేను బాగుచేసి అదే సంచిలో తిప్పి పంపేదాన్ని. పని నాది, పేరు వాడిది.

షెడ్డు ఉన్న స్థలం మా ఆయనదీ, మా మరిదిదీ ఉమ్మడి. మరిది చెడ్డవాడు కాదు. ఏ ఆలోచన వచ్చినా అది నిన్ననే మొదలుపెట్టి ఉండాల్సిందని కంగారుపడే రకం, అంతే. కోళ్లు పెంచాడు, చీరలు అమ్మాడు, తేనె పట్టాడు. ఆఖరికి వాడి కన్ను మా షెడ్డు మీద పడింది. దాన్ని తీసేసి కూల్‌డ్రింకుల కొట్టు పెడతాడట. తుళ్లూరు దగ్గర రాజధాని కడుతున్నారు కదా, లారీలన్నీ మన రోడ్డు మీదే తిరుగుతాయట.

"రాజధాని గుంటూరుకి అటు పక్క, మనం ఇటు పక్క. లారీలు ఇటెందుకొస్తాయి అబ్బాయ్?" అన్నాను.

"దారి తప్పినవి వస్తాయి వదినా," అన్నాడు.

దారి తప్పిన లారీలని నమ్ముకుని కొట్టు పెట్టేవాడితో ఏం వాదిస్తాం. అయినా వాడి మాటలో ఒక నిజం ఉంది. షెడ్డుకి బండ్లు రావడం లేదు. బండ్లు రాని షెడ్డు కన్నా చల్లటి సీసాలు పెట్టుకున్న ఫ్రిజ్జు నయం. 

సరిగ్గా అప్పుడు గుమాస్తా గారు వచ్చారు.

ఈ గుమాస్తా గారు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పనిచేసేవారు. పాత మోపెడ్ మీద ఊళ్లు తిరిగి, కల్లాల్లో ఎండబోసిన కాయ చూసి రావడం ఆయన ఉద్యోగం. ఆయనంత మెల్లిగా బండి నడిపే మనిషిని నేను పుట్టి ఎరగను. ఆయన్ని గేదెలు దాటిపోయేవి. పెళ్లి ఊరేగింపు దాటిపోయేది, అందులోని ముసలమ్మలతో సహా. ఆయన పక్కనుంచి వెళ్లే ప్రతి కుర్రాడూ "ఏం గుమాస్తా గారూ, బండి ఆగిందా?" అని పలకరించి పోయేవాడు.

ఆ నిదానానికి ఒక కారణం ఉంది. మా వైపు పంట మీద కాలు పెట్టడం తప్పు. మిర్చి కల్లమంటే చూశారుగా, నేల కనపడకుండా ఎర్రగా పరిచేస్తారు. మధ్యలో జానెడు బాట వదులుతారు. రైతు కళ్లెదుట కాయ మీద చెప్పుకాలు పడిందా, బేరం అక్కడే చెడుతుంది. ఈయన ఆ జానెడు బాటలోనే మోపెడ్ మీద పోయేవారు. ఎదురుగా బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వస్తే, రెండు కాళ్లూ బండి మీదే ఉంచి, హ్యాండిల్ అటూ ఇటూ ఆడిస్తూ కొంగలాగా నిలబడిపోయేవారు. వాళ్లు దాటాక కదిలేవారు. ఎన్నేళ్లుగా చేస్తున్నారో, అదొక విద్య అని ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు.

వచ్చి నాకు ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. ఏదో దేశంలో ఒకడు సీటు లేని బండి మీద నిలబడి బండరాళ్లు ఎక్కుతున్నాడు. ట్రయల్స్ అంటారట దాన్ని. వేగంతో పని లేదు. రాళ్ల మీద, గుంటల్లో నత్తలాగా పోవాలి. బండి ఆగినా ఫర్వాలేదట, కాలు మాత్రం నేల మీద పెట్టకూడదు. పెడితే మార్కులు పోతాయి. పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి తవ్వి వదిలేసిన క్వారీలో కొందరు ఔత్సాహికులు అలాంటి పందెం పెడుతున్నారు, పాత బండ్లకి వేరే వరస కూడా ఉంది అని చెప్పారు.

"ఇంతకాలానికి నా పందెం ఒకటి దొరికింది చెల్లెమ్మా. బండి కావాలి," అన్నారు.

గుంటూరులో మెకానిక్కుల్ని అడిగితే నవ్వారట. ఒకడైతే, "మీరు ఇవాళ మొదలుపెట్టండి, మేం రేపొచ్చి చూస్తాం" అన్నాడట. కొత్త బండి కొనాలంటే ఆయన జీతానికి అందే పని కాదు. తుక్కుతోనే తయారుచేయాలి.

"మేస్త్రీ లేడుగా," అన్నాను. జనం అనే మాట నేనే ముందు అనేస్తే కాస్త నొప్పి తక్కువ.

"తెలుసు. ఉంటే ఆయనా నవ్వేవాడు. అందుకే నీ దగ్గరికొచ్చా."

ఆ సమయానికి మా మరిది షెడ్డులోనే ఉన్నాడు, ఫ్రిజ్జు ఎక్కడ పెట్టాలో టేపు పట్టి కొలుచుకుంటూ. అంతా విని తీరిగ్గా అన్నాడు.

"సీటు లేని బండి. మొగుడు లేని మెకానిక్కు. తొందర లేని మనిషి. వరస బాగా కుదిరింది వదినా."

కోపం రావాల్సిందే. కానీ పాడుముండాకొడుకు అంత బాగా అన్నాడు, నవ్వొచ్చేసింది. (ఈ ముక్క మింగొద్దని అమ్మాయికి చెప్పాను.) నవ్వు అయ్యాక మాత్రం ఒళ్లు మండింది.

"సరే అబ్బాయ్. ఆ క్వారీలోంచి ఈ బండి తనంతట తాను బయటికొస్తే, మళ్లీ షెడ్డు ఊసెత్తకూడదు. నెట్టుకుంటూ తెస్తే తాళంచెవి నీ చేతిలో పెడతా."

"మాట మీద నిలబడతావా?"

"నేను కూర్చోగా ఎప్పుడు చూశావు?"

అదీ మా పందెం. గుమాస్తా గారిది మార్కుల పందెం, నాది తాళంచెవి పందెం.

బండికి మొదలు కోళ్ల గూట్లో దొరికింది. మా ఆయన ఒకప్పుడు పాలాయన దగ్గర కొన్న పాత టూ స్ట్రోక్ బండి ఒకటి గూట్లో పడి ఉండేది. ఎందరడిగినా అమ్మలేదు, ఎప్పుడూ నడపనూ లేదు. ఎందుకు ఉంచావయ్యా అంటే, "ఉండనీ, కోళ్లకి అలవాటైంది" అనేవాడు. బయటికి లాగబోతే ఒక పెట్ట ఇంజను మీద పొదిగి కూర్చుని ఉంది. లేపితే పాపమని, పిల్లలు బయటికొచ్చేదాకా ఆగాం. లోకంలో పొదిగిన ఇంజను మాదొక్కటే.

పక్క షెడ్డులో వెల్డింగ్ బాబాయ్ ఉండేవాడు. ఏ పని చెప్పినా ముందు "కుదరదు అమ్మాయ్" అనేవాడు. కుదరదంటూనే హోల్డరుకి రాడ్డు తగిలించేవాడు. ఇద్దరం కలిసి ఆ బండికున్న అనవసరమైన బరువంతా కోసి పారేశాం. పాల క్యాన్లు మోసిన కొక్కేలు పోయాయి, మడ్‌గార్డులు పోయాయి, సీటు పోయింది. హ్యాండిల్‌కి ఇనప మడతమంచం పైపు వంచాడు. పెట్రోలు ట్యాంకుకి మిర్చికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌ది ఒక చిన్న డబ్బా దొరికింది. దాన్ని బిగించాక బండి చూస్తే, పెద్ద మనిషికి చంటిపిల్ల టోపీ పెట్టినట్టుంది.

వెనక చక్రం పళ్లచక్రాన్ని మేము సాకెట్ అంటాం. అది ఎంత పెద్దదైతే బండి అంత మెల్లిగా, అంత బలంగా లాగుతుంది. మామూలు బండికి వచ్చేది చాలదు. ప్రత్తి జిన్నింగ్ మిల్లు తుక్కులో మూకుడంత సాకెట్ ఒకటి కనపడింది. మన చైనుకి దాని పళ్లు పట్టడం లేదు. బాబాయ్ కుదరదన్నాడు. అంటూనే ఒక్కొక్క పన్నూ ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాడు, చివరికి పట్టించాడు.

నాకు అన్నిటికన్నా కష్టమైన పని చక్రాల్లో గాలి. రాళ్లని పట్టుకోవాలంటే టైరు మెత్తగా ఉండాలట, గాలి సగం కూడా ఉండకూడదట. బతుకంతా పంక్చర్లు వేసిన మనిషిని. అలా చప్పగా కూర్చున్న టైరు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. గుమాస్తా గారు గాలి తీసి వెళ్లడం, నేను తెలియకుండానే పంపు కొట్టేయడం. చివరికి ఆయన పంపు తీసుకెళ్లి యార్డులో దాచారు.

ఇక సైలెన్సరు. పాతది కింద వేలాడుతూ రాళ్లకి తగిలేలా ఉందని కోసేసి, బోరు పైపు ముక్కతో ఒకటి చేసి పైకెత్తి బిగించాం. స్టార్టు చేస్తే రేకులు అదిరాయి. కోళ్లు రెండు రోజులు గుడ్లు మానేశాయి. చప్పుడు మరీ ఎక్కువగా ఉంటే పందెంలోకి రానివ్వరని గుమాస్తా గారు భయపడ్డారు. లోపల కూరడానికి వేడికి కాలని ఉన్నిలాంటిది గుంటూరులో అమ్ముతారని బాబాయ్ చెప్పాడు.

"కూరడం గురించి నాకా చెబుతున్నావు బాబాయ్?" అన్నాను.

అక్కడొచ్చింది చూడండి. మా పుట్టింటివాళ్లు దూదేకులవాళ్లు. దూది ఏకి, పరుపులు కూరి బతికిన ఇల్లు. మా నాయన కూరిన పరుపు మీద ఎడ్లని తోలినా గుంట పడదనేవాళ్లు. కూరడంలో నన్ను మించినవాళ్లు చుట్టుపక్కల లేరని నాకొక మిడిసిపాటు. దూది అంటుకుంటుందని నాకూ తెలుసు, అంత తెలివి తక్కువదాన్ని కాదు. గోనె అయితే తొందరగా అంటుకోదు. గట్టిగా కూరితే లోపల గాలి ఆడదు. గాలి ఆడకపోతే మంట రాదు. ఇదీ నా లెక్క. గుమాస్తా గారు యార్డు నుంచి చిరిగిన గోనెలు తెచ్చిచ్చారు. మిర్చి నింపే గోనెల్ని టిక్కీలంటాం మేము. ఎన్ని పంటలు మోసినవో, ఎర్రగా ఉన్నాయి. మేం పుట్టినప్పటి నుంచీ టిక్కీలు చూస్తున్నాం. ఇంట్లో వడియాలు ఎండబెట్టేది వాటి మీదే, గుమ్మంలో కాళ్లు తుడుచుకునేది వాటికే. చేపకి నీటి వాసన తెలిసినట్టే మాకు వాటి వాసన తెలుసు.

మా నాయన ఇనప కమ్మీ తెచ్చుకుని, టిక్కీ ముక్కలు పొర మీద పొరగా దట్టించాను. స్టార్టు చేస్తే చప్పుడు ఎక్కడికి పోయిందో పోయింది. అన్నం తిని పడుకున్న పెద్దాయన గురకలాగా వినపడింది. బాబాయ్ మెచ్చుకోబోయి ఒక తుమ్ము తుమ్మాడు. పని మొదట్లో ఒంటి తుమ్ము మంచిది కాదని ముగ్గురం కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాం. శకునం చూసుకున్నాం కానీ, ఆ తుమ్ము ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కరం అడగలేదు. పెట్రోలు దండగని షెడ్డు చుట్టూ ఒక చిన్న రౌండు వేసి ఆపేశాం. సైలెన్సరు బాగా వేడెక్కేదాకా ఏ రోజూ నడపలేదు.

పందెం రోజు పొద్దున్నే ట్రాలీ ఆటోలో బండిని కట్టుకుని పిడుగురాళ్ల వెళ్లాం. క్వారీ అంటే పెద్ద గొయ్యి. తెల్లటి రాయి మెట్లుమెట్లుగా తవ్వి వదిలేశారు. రాళ్ల మధ్య రిబ్బన్లు కట్టి దారులు పెట్టారు. ఆ దారుల్లో ఒక్కొక్కటే దాటి, ఆఖర్న ఒక నిలువు బండ ఎక్కి పైకి వస్తే అయిపోయినట్టు. పాత బండ్లు తెచ్చినవాళ్లందరూ వాటిని తళతళా తోమి తెచ్చారు. మాదాని మీద కోడిరెట్ట మరక ఒకటి ఎంత కడిగినా పోలేదు.

గొయ్యి అంచున ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో మా మరిది నిలబడి ఉన్నాడు. పక్కన పెద్ద ఐస్ డబ్బా, దాన్నిండా కూల్‌డ్రింకులు.

"తాళంచెవి తెచ్చావా వదినా? ఇవాళ ఇక్కడ అమ్మకం రుచి చూసుకుని, రేపు అక్కడ కొట్టు తెరుస్తా," అన్నాడు.

తాళంచెవి నా కొంగు చివర ముడిలో ఉంది. చెయ్యి మాటిమాటికీ దాని మీదికే పోతోంది. నవ్వు రాలేదు నాకు. ఆ ముడి విప్పాల్సి వస్తే, మర్నాడు పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో నాకు తెలియదు.

గుమాస్తా గారు పంచె మీద వచ్చారు. నిర్వాహకులు ప్యాంటు లేనిదే కుదరదంటే బాబాయ్ ప్యాంటు విప్పించి ఈయనకి తొడిగి, ఈయన పంచె బాబాయ్‌కి కట్టించాం. నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, దేవుడి పల్లకీ కదిలినంత నిదానంగా కదిలారు. జనం నవ్వారు. మొదటి దారిలో గుండ్రాళ్ల మీద పడుచువాళ్ల బండ్లు గెంతుతూ జారుతూ పోతే, ఈయన కల్లంలో కాయ తొక్కకుండా పోయినట్టు పోయారు. కాలు పెట్టలేదు. జనం నవ్వడం తగ్గించారు. రెండోది బురదగుంట. అక్కడా పెట్టలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు.

మూడో దారిలో సైలెన్సరు వేడెక్కింది.

మొదట మార్కులు వేసే ఆయనకి తెలిసింది, బండి వెనకే నడవాల్సిన మనిషి కాబట్టి. దగ్గాడు. కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ దగ్గాడు. కాసేపటికి ఆ కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. ఏడుస్తూనే అట్ట మీద మార్కులు వేస్తున్నాడు. నా పక్కనున్న ఒకాయన అది చూసి, "అంత బాగా నడుపుతున్నాడా?" అని అడిగాడు. ఆ మాట పూర్తి కాకుండానే ఆయనకీ కొరపోయి దగ్గు మొదలైంది.

గోనె మంట పట్టలేదు, నా లెక్క అంతవరకు నిజమే. కానీ లోపల కుమ్ములాగా రాజుకుంది. ఎన్నో పంటల కారం అందులోంచి పొగై వస్తోంది. గొయ్యి కదా, గాలి లేదు, పొగ అక్కడే తిరుగుతోంది. జనమంతా ఒకటే దగ్గు, ఒకటే తుమ్ములు. వెనక వరసలో రావాల్సిన బండ్లవాళ్లు బండ్లు వదిలి గట్టెక్కారు. మైకులో మాట్లాడే ఆయన "తర్వాతి పోటీదారు" అని మొదలుపెట్టి, తుమ్మి, మైకు కింద పెట్టేశాడు.

ఒక్క గుమాస్తా గారికి ఏమీ కాలేదు. యార్డులో ఆ ఘాటులోనే అన్నం తిని ఆ ఘాటులోనే కునుకు తీసే మనిషి. వెనక ఏం జరుగుతోందో ఆయనకి తెలియనే తెలియదు. జనం చేతులు ఊపుతూ పరిగెడుతుంటే, తనని హుషారు చేస్తున్నారనుకుని తల ఊపారు.

బాబాయ్ ముక్కుకి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని నా చెవిలో అన్నాడు: "ఇంత ఘాటొచ్చిందంటే మన బండికి దిష్టి లేనట్టే అమ్మాయ్."

దిష్టి తీసిన ఎండుమిర్చి నిప్పుల్లో వేసి, ఘాటు వస్తుందా లేదా అని చూస్తాం. రాలేదంటే దిష్టి తగిలిందని, వచ్చిందంటే తగల్లేదని మా లెక్క. ఆ లెక్కన ఆ బండికి ఏడు తరాల వరకూ దిష్టి లేదు.

ఇంతలో ఆఖరి బండ వచ్చింది. సగం ఎక్కారో లేదో, ఇంజను ఉక్కిరిబిక్కిరైంది. గుక్క పట్టిన పిల్లలాగా రెండుసార్లు ఎగపీల్చి ఆగిపోయింది. కాలిన గోనె ఊడి ముద్దకట్టి సైలెన్సరు మూతికి అడ్డం పడింది. పొగ పోయే దారి లేకపోతే ఇంజను ఊపిరి ఎలా తీస్తుంది? నాకు వెంటనే అర్థమైంది. అర్థమై ఏం లాభం, రిబ్బను దాటి చెయ్యి వేస్తే పందెం పోయినట్టే. కొంగుముడి గట్టిగా పట్టుకున్నాను.

ఆయన పడిపోలేదు. ఆ బండ మీద, ఆగిన బండి మీద, రెండు కాళ్లూ పైనే ఉంచి, హ్యాండిల్ అటూ ఇటూ ఆడిస్తూ నిలబడిపోయారు. బుట్టల ఆడవాళ్లు దాటేదాకా కల్లంలో నిలబడినట్టే. క్వారీలో దగ్గులు కూడా ఆగిపోయాయి. ఆయన మెల్లిగా ఒక కాలు కిక్కు మీదికి తెచ్చారు. బండి ఒక పక్కకి ఒరిగింది. ఒరుగుతోంది, ఇంకా ఒరుగుతోంది.

"కాలు పెట్టకండి గుమాస్తా గారూ!"

ఆ అరుపు ఎవరిదని చూస్తే, మా మరిదిది. కళ్ల నీళ్లు, ముక్కు నీళ్లు ఏకమై, తెల్లచొక్కా చేతితో తుడుచుకుంటూ, ఐస్ డబ్బా ఎక్కి నిలబడి అరుస్తున్నాడు. తాళంచెవి సంగతి వాడికి గుర్తే లేదు.

గుమాస్తా గారు కిక్కు కొట్టారు. ఫిరంగి పేలినట్టు ధన్‌మని మోగింది. సైలెన్సరులోంచి నల్లటి ముద్ద ఒకటి ఎగిరి, గొయ్యి అంచు దాకా వచ్చి, మరిది ఎక్కిన డబ్బా పక్కన పడింది. వాడు ఒక గెంతు గెంతి దిగి, డబ్బాలోని ఐసునీళ్లు దాని మీద గుమ్మరించాడు. ఆ ఘాటు ఆవిరి మొత్తం వాడికే తగిలింది. ఇటు బండి మాత్రం ఊపిరి పీల్చుకుని, క్వారీ మొత్తం దద్దరిల్లేలా గర్జిస్తూ, బండ ఎక్కి, తనంతట తాను బయటికొచ్చేసింది.

బహుమతి రాలేదండీ. చప్పుడు మితి మీరిందని తీసేశారు. మార్కులు వేసే ఆయన మాత్రం గుమాస్తా గారి దగ్గరికొచ్చి, "నా కళ్లు కనపడలేదు, నిజం చెప్పండి, ఎక్కడైనా కాలు పెట్టారా?" అని అడిగాడు. ఈయన కాసేపు ఆలోచించి, "ఉదయం ఆటో దిగేటప్పుడు పెట్టాను," అన్నారు. వచ్చే ఏడు కూడా రమ్మని, సైలెన్సరు మాత్రం మార్చుకుని రమ్మని నిర్వాహకులు చేతులు జోడించి చెప్పారు.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పనిలో ఎవరైనా తుమ్మితే శకునం తర్వాత చూసుకోండి, ముందు ఎందుకు తుమ్మారో చూడండి. రెండోది, మీకు బాగా వచ్చిన పని దగ్గరే ఎక్కువ భయపడండి. నాకు ఇంజను సరిగ్గా కుదిరింది, బ్రేకు సరిగ్గా కుదిరింది. పుట్టింటి విద్య ఒక్కటే పేలింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు దగ్గరికి మరిది వచ్చాడు, ఐస్ డబ్బా నెత్తిన పెట్టుకుని. పందెం గెలిచింది నేనైనా తాళంచెవి గుప్పిట్లో బిగించాను. స్థలం వాడిది కూడా కదా, మాట తప్పితే నేనేం చేయగలను. వాడు డబ్బా దించాడు, నా మొహం చూడకుండా మూత తీసి చూపించాడు. ఖాళీ.

"ఒక్క సీసా మిగల్లేదు వదినా. జనం ఎగబడ్డారు. నా వ్యాపారాల్లో సరుకు అయిపోవడం ఇదే మొదటిసారి," అన్నాడు.

ఊరుకున్నాను. వాడు కాసేపు నసిగి అడిగాడు.

"వచ్చే ఏడు మళ్లీ అదే గోనె కూరతావుగా?"

కూరలేదులెండి. వేడికి కాలని ఆ ఉన్ని గుమాస్తా గారే కొని తెచ్చారు, నేనే కూరాను. ఆయన ఆ తర్వాత రెండేళ్లు వెళ్లారు. రెండోసారి ఒక చిన్న కప్పు తెచ్చుకుని, యార్డులో తన బల్ల మీద పెట్టుకున్నారు. ఆయన్ని గేదెలు ఇప్పటికీ దాటిపోతున్నాయి. బండి ఆగిందా అని మాత్రం ఎవరూ అడగడం లేదు. ఇక మరిది షెడ్డు పక్కనే రేకు చాటున ఫ్రిజ్జు పెట్టుకున్నాడు. దారి తప్పిన లారీ ఒక్కటీ రాలేదు కానీ, బండి బాగయ్యేదాకా కూర్చునేవాళ్లకి దాహం వేస్తుంది. అది వాడికి బాగా కలిసొచ్చింది.

"కాలు పెట్టకండి" అని అరిచావు కదా అంటే, నేనా, ఎప్పుడు అంటాడు ఇప్పటికీ.

ఆ పందెం అయిన వారంలోనే అనుకుంటా, ఎవరో మిర్చి రైతు బండి తోసుకుంటూ వచ్చాడు. నేను చక్రం దగ్గర గొంతుక్కూర్చుని పని చేసుకుంటున్నాను. ఆయన నన్ను దాటి షెడ్డు లోపలికి, మూలల దాకా తొంగి చూసి, "మేస్త్రీ లేడా?" అన్నాడు. నేను తలెత్తలేదు. వెళ్లి కనుక్కుని రా అందామని నోరు తెరిచాను.

ఈలోపే పక్కనుంచి, సీసాలు సర్దుకుంటున్న మా మరిది గొంతు వినపడింది.

"పిడుగురాళ్లలో ఊరందర్నీ ఏడిపించిన మేస్త్రీ మా వదిన. నువ్వు తొక్కబోయింది ఆవిడ స్పానరే. పక్కకి జరిగి కూర్చో. ఏం తాగుతావు?"